క్రాస్ ట్రైనర్ కన్సోల్‌లో ఏ అంకెను నమ్మాలి, దేన్ని వదిలేయాలి?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆమెకు 52 ఏళ్లు, బరువు 74 కిలోలు. ఆమె భర్తకు 58 ఏళ్లు, బరువు 62 కిలోలు, ఆయన బీపీకి మాత్ర వాడుతున్నారు. ఇంటికి కొత్తగా ఎలిప్టికల్ యంత్రం, అంటే మన దుకాణాల్లో క్రాస్ ట్రైనర్ అని అమ్మే, నిలబడి తొక్కే యంత్రం, తెచ్చుకుని మూడు వారాలుగా ఇద్దరూ రోజూ అరగంట చొప్పున తొక్కుతున్నారు. దాని కన్సోల్, అంటే తెర, బటన్లు ఉన్న పెట్టె, ఇద్దరికీ ఇంచుమించు 380 కేలరీలే చూపిస్తోంది, పల్స్ ఒక క్షణం 76 అని మరుక్షణం 152 అంటోంది, రికవరీ బటన్ నొక్కితే ఎఫ్4 అని వస్తోంది, బరువు మాత్రం తగ్గలేదు. ఈ అంకెల్లో దేన్ని నమ్మాలి, బటన్లను ఎలా వాడుకోవాలి అని ఆమె అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. టైమ్, ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పారో చెప్పే అంకె), టెన్షన్ నాబ్ (తొక్కే బరువును పెంచి తగ్గించే మర) మీది అంకె, ఈ మూడింటినీ నమ్మండి. పల్స్‌ను కాళ్లు ఆపిన తర్వాతే చూడండి. కేలరీల గడిని చూడటం మానేయండి. మీ భర్తగారి విషయంలో ఇంకొక మాట ఉంది: ఆయన వాడుతున్న మాత్ర ఏ రకమో డాక్టరును అడిగి తెలుసుకునే వరకు ఆయన పల్స్ అంకెను లక్ష్యంగా పెట్టుకుని తొక్కకూడదు. దానికి కారణం కింద వివరంగా రాశాను.

నేను పదహారేళ్లుగా బరంపురంలో ఉంటూ గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఇళ్లకు వెళ్లి వ్యాయామ యంత్రాలు బిగిస్తున్నాను, మరమ్మతులు చేస్తున్నాను. యంత్రం బిగించిన రోజునే ఇంటివారిని ఒక్కొక్కరినీ ఎక్కించి, కన్సోల్ వాడకం నేర్పించి రావడం నా అలవాటు. అలా నేర్పిన అనుభవంలో చూస్తే, యంత్రాన్ని మూలన పెట్టేసిన ఇళ్లలో చాలామంది విసిగిపోయింది తొక్కడం కష్టమై కాదు. తెర మీది అంకెలు ఒక లెక్క చెబుతుంటే ఒళ్లు ఇంకో లెక్క చెప్పడం వల్ల.

కేలరీల సంగతి మొదట చూద్దాం. మీ వర్ణనను బట్టి మీది పెన్సిల్ సెల్లతో నడిచే కన్సోల్, చేత్తో తిప్పే టెన్షన్ నాబ్ ఉన్న యంత్రం. అటువంటి యంత్రం పక్క కవరు విప్పితే లోపల తిరిగే చక్రానికి చొక్కా గుండీ అంత అయస్కాంతం అతికించి ఉంటుంది. దానికి ఎదురుగా, బియ్యపు గింజ కంటే కొంచెం పొడవైన గాజు గొట్టం ఒకటి బిగించి ఉంటుంది. గొట్టంలో రెండు సన్నని రేకులు ఉంటాయి. చక్రం తిరిగి అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ఆ రేకులు ఒకదానికొకటి తగులుతాయి. ఆ తగలడాన్నే కన్సోల్ లెక్కపెడుతుంది. స్పీడ్, డిస్టెన్స్, కేలరీస్ అని మీకు కనిపించేవన్నీ ఆ ఒక్క లెక్కను తయారీదారు ముందే నిర్ణయించిన ఏవో సంఖ్యలతో హెచ్చవేయగా వచ్చినవే. మీ బరువెంతో, మీ వయసెంతో దానికి తెలిసే దారి లేదు. నాబ్ తిప్పితే లోపల ఒక ఉక్కు తీగ అయస్కాంతాలను చక్రానికి దగ్గరగా లాగుతుందే తప్ప, ఆ తీగకూ కన్సోల్‌కూ సంబంధమే ఉండదు.

దీన్ని మీరే పరీక్షించి చూడవచ్చు. నాబ్‌ను 1 మీద పెట్టి, ఆర్‌పీఎం 50 దగ్గర నిలిపి అయిదు నిమిషాలు తొక్కి కేలరీలు రాసుకోండి. కాస్త సేదతీరిన తర్వాత అన్నీ సున్నా చేసి, నాబ్‌ను 5 మీద పెట్టి అదే 50 దగ్గర మళ్లీ అయిదు నిమిషాలు తొక్కండి. రెండోసారి తొడలు మండినా, ఊపిరి బరువెక్కినా, ఇటువంటి చాలా కన్సోళ్లు రెండుసార్లూ దాదాపు ఒకే కేలరీలు చూపిస్తాయి. మీ ఇద్దరికీ ఒకే అంకె రావడానికి కారణం కూడా అదే.

మరి నిజంగా ఖర్చయ్యేది ఎంత? ఊరికే కూర్చున్న మనిషి గంటకు ఒక్కో కిలో బరువుకు సుమారు ఒక కేలరీ ఖర్చు చేస్తాడు. దాన్ని 1 మెట్ అంటారు. శారీరక శ్రమలను కొలవడానికి పరిశోధకులు వాడే 2011 నాటి పట్టికలో ఎలిప్టికల్ మీద ఓ మోస్తరు శ్రమకు 5 మెట్‌లు ఇచ్చారు. ఆ లెక్కన 74 కిలోల మీకు అరగంటకు 185 కేలరీలు, 62 కిలోల మీ భర్తగారికి 155. అందులోనూ యంత్రం ఎక్కకుండా కుర్చీలో కూర్చున్నా మీకు 37 ఎలాగూ ఖర్చయ్యేవి కాబట్టి, తొక్కడం వల్ల అదనంగా పోయినవి 148 మాత్రమే. కన్సోల్ చెప్పిన 380లో ఇది సగం కూడా లేదు.

ఇప్పుడు మీ బరువు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కిలో కొవ్వు కరగడానికి సుమారు 7,700 కేలరీలు అని వాడుకలో ఉన్న ఉజ్జాయింపు లెక్క. 148ని 21 రోజులకు వేస్తే 3,108. అంటే మీరు ఆహారం ఏమాత్రం పెంచకుండా ఉంటే మూడు వారాలకు తగ్గేది దాదాపు 400 గ్రాములు. ఒంట్లో నీరు రోజురోజుకూ హెచ్చుతగ్గులయ్యే మేరలోనే ఆ తేడా కలిసిపోతుంది, ఇంటి తూకం యంత్రం దాన్ని పట్టుకోలేదు. కాబట్టి మీరు చేస్తున్నది వృథా పోవడం లేదు, దయచేసి నిరాశపడకండి. పొద్దున నాలుగు వందలు కరిగించాం కదా అనే ధీమాతో సాయంత్రం టిఫిన్ కొంచెం పెరగడం నేను చాలా ఇళ్లలో చూశాను. కేలరీల గడి చేసే అసలు నష్టం అదే. నేను బిగించిన కొన్ని యంత్రాల్లో ఆ గడి మీద నల్ల టేపు ముక్క అతికించి వచ్చాను.

వయసు, బరువు అడిగే పెద్ద కన్సోళ్ల సంగతి కొంత వేరు. అవి అడాప్టర్‌తో నడుస్తాయి, టెన్షన్‌ను మోటారుతో మారుస్తాయి, అది ఎన్నో మెట్టు మీద ఉందో వాటికి తెలుస్తుంది. వాటి కేలరీల అంకె కొంత దగ్గరగా రావచ్చు, కానీ దాన్నీ అంచనాగానే తీసుకోవాలి.

ఇక బటన్లు. యంత్రంతో వచ్చిన పుస్తకం ఇంగ్లిషులో చిన్న అక్షరాలతో ఉందని రాశారు. మన వైపు ఇళ్లలో పిల్లలు ఒడియా, ఇంగ్లిషు చదువుతారు, పెద్దవాళ్లకు చదువుకోవడానికి తెలుగే సౌకర్యం. అందుకే నేను కాగితపు టేపు మీద "కాలం", "వేగం", "దూరం", "నాడి" అని రాసి గడుల పక్కన అతికిస్తాను. మీరూ అలా చేసుకోండి, వారం రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

మోడ్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలితే తెర మీద తరువాతి గడి వస్తుంది. అదే బటన్‌ను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే ఓడో అనే మొత్తం దూరం తప్ప మిగిలినవన్నీ సున్నాకు వస్తాయి. ఇద్దరు వాడే ఇంట్లో ఇది ముఖ్యం. తొక్కడం ఆపిన తర్వాత చాలా కన్సోళ్లు నాలుగు నిమిషాల వరకు మేలుకునే ఉంటాయి. మీరు దిగగానే మీ భర్తగారు ఎక్కితే మీ లెక్క మీదే ఆయన లెక్క కలుస్తుంది. కనుక ఎక్కిన ప్రతివారూ ముందు సున్నా చేసుకోవాలి. స్కాన్ అని తెర మీద కనిపిస్తుంటే గడులు కొన్ని సెకన్లకు ఒకటి చొప్పున వాటంతట అవే మారుతుంటాయి. అలా మారే అంకెల కోసం మెడ వంచి తెరనే చూస్తూ తొక్కేవారికి మెడనొప్పి వస్తుంది. స్కాన్ వదిలేసి టైమ్ గడి దగ్గర నిలపండి.

టైమ్‌కు లక్ష్యం పెట్టడం నేను అందరికీ తప్పనిసరిగా నేర్పుతాను. కాళ్లు ఆపి ఉన్నప్పుడు మోడ్‌తో టైమ్ గడికి రండి, సెట్ బటన్‌ను నొక్కండి. సాధారణంగా ఒక్కో నొక్కుకు ఒక నిమిషం పెరుగుతుంది. 30:00 దగ్గర ఆపి తొక్కడం మొదలుపెడితే అంకె వెనక్కి దిగుతూ వచ్చి, సున్నా కాగానే కూత వినిపిస్తుంది. దూరానికీ కేలరీలకూ కూడా ఇలాగే లక్ష్యం పెట్టవచ్చు, కానీ ఒకేసారి రెండు పెడితే ఏది ముందు సున్నా అయితే అక్కడ కూత వచ్చి అయోమయం అవుతుంది. టైమ్ ఒక్కటే పెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతున్నాయి. మీరు రోజుకు 30 చొప్పున 210 నిమిషాలు చేస్తున్నారు.

టైమ్ తర్వాత చూడవలసింది ఆర్‌పీఎం. మీ కన్సోల్‌లో అది లేకపోతే స్పీడ్‌ను చూడండి; ఆ కిలోమీటర్లు రోడ్డు మీది కిలోమీటర్లు కావు గానీ, నిన్నటి మీతో నేటి మిమ్మల్ని పోల్చుకోవడానికి సరిపోతాయి. కొత్తవారికి 50 నుంచి 60 మధ్య చాలు. వెనక్కి తొక్కినా కన్సోల్ ముందుకు తొక్కినట్టే లెక్కపెడుతుంది కాబట్టి దాని గురించి కంగారు వద్దు.

గుణుపురంలో ఒక ఉపాధ్యాయురాలి ఇంట్లో నేను చూసిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఆమె యంత్రం ఎదురుగా గోడకు తెలుగు క్యాలెండర్ తగిలించి, ప్రతి తేదీ గడిలో పెన్సిలుతో మూడు అంకెలు రాసేవారు. మొదటి నెలలో "3–54–20" అని ఉంది: నాబ్ 3, ఆర్‌పీఎం 54, ఇరవై నిమిషాలు. నాలుగో నెల వచ్చేసరికి "5–56–30" అయింది, ఆగి చూసుకున్న నాడి మాత్రం రెండు నెలల్లోనూ 120 దగ్గరే ఉంది. అంటే అంతే నాడితో ఆమె ఇంకా బరువైన పనిని, ఇంకా ఎక్కువసేపు చేయగలుగుతున్నారు. ఇంత స్పష్టమైన ప్రగతిని కేలరీల గడి ఆమెకు ఎన్నడూ చూపించి ఉండేది కాదు.

పల్స్. హ్యాండిల్ మీది ఉక్కు పలకలను రెండు చేతులతో పట్టుకున్నప్పుడు, గుండె కొట్టుకోవడంలో పుట్టే అతి సూక్ష్మమైన విద్యుత్తును కన్సోల్ పట్టుకుంటుంది. అది వోల్టులో దాదాపు వెయ్యో వంతు. చేతి కండరాలు బిగుసుకున్నా అటువంటి విద్యుత్తే పుడుతుంది. అందుకే ఊగుతూ, పిడికిలి బిగించి పట్టుకున్నప్పుడు అంకె గందరగోళమవుతుంది. మీరు రాసిన 76, 152 చూడండి: రెండోది మొదటిదానికి సరిగ్గా రెట్టింపు. ఒకే గుండె చప్పుడును యంత్రం రెండుసార్లు లెక్కించిందన్నమాట, లేదా నిజం 152 అయి ఉండి సగం చప్పుళ్లను వదిలేసిందన్నమాట. రెండింటిలో ఏది నిజమో మీ ఊపిరే చెబుతుంది. హాయిగా మాట్లాడగలుగుతూ ఉన్నారంటే 152 కాదు.

సరైన పద్ధతి ఇది. తొక్కడం ఆపండి, అరచేతులు మరీ పొడిగా ఉంటే కొంచెం తడి చేసుకోండి, రెండు చేతులతో పలకలను వదులుగా పట్టుకుని, కదలకుండా పది పదిహేను సెకన్లు నిలబడండి. అప్పటికీ అనుమానంగా ఉంటే మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు నాడి లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఆపిన వెంటనే లెక్కపెట్టాలి, ఎందుకంటే నిమిషం గడిచేసరికి నాడి చాలా దిగిపోతుంది. ఛాతీకి కట్టుకునే బెల్టు కొనుక్కుంటే తొక్కుతూనే నమ్మదగిన అంకె వస్తుంది, కానీ మీ కన్సోల్ దాన్ని అందుకోగలదో లేదో కొనేముందే అడగాలి.

అంకె ఎంత ఉండాలి? 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ నాడికి ఉజ్జాయింపు వస్తుంది, మీకు 168. ఓ మోస్తరు వ్యాయామానికి అందులో 50 నుంచి 70 శాతం అని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది, అంటే మీకు 84 నుంచి 118 వరకు. ఈ సూత్రం మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ అవుతుంది కనుక గీత గీసినట్టు పట్టుకోవద్దు. వేసవిలో, ముఖ్యంగా ఉక్కపోత రోజుల్లో, అదే నాబ్, అదే ఆర్‌పీఎం దగ్గర నాడి ఎనిమిది పది ఎక్కువగా రావడం నేను ఏటా చూస్తున్నాను. ఒళ్లు చల్లబరుచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, గుండె అదనంగా పనిచేస్తుంది. అటువంటి రోజున నాబ్ ఒక అంకె తగ్గించడమే సరైన పని.

ఇప్పుడు మీ భర్తగారి విషయం. బీపీ మాత్రల్లో బీటా బ్లాకర్లు అనే రకం ఉంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివి ఆ కోవకు చెందుతాయి. అవి గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి కాబట్టి ఎంత తొక్కినా నాడి సూత్రం చెప్పినంత పైకి రాదు. పర్లాకిమిడిలో 63 ఏళ్ల ఒక పెద్దాయన కన్సోల్‌లో వయసు కొట్టి, అది చూపించిన 133 అనే లక్ష్యాన్ని అందుకోవాలని రోజూ నాబ్ పెంచుకుంటూ పోయారు. ఆయన నాడి 96 దాటలేదు. యంత్రం పాడైందని నన్ను పిలిపించారు. నేను వెళ్లేసరికి ఆయన చెమటలు కక్కుతూ, పెదవులు పాలిపోయి, హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు. యంత్రంలో ఏ లోపమూ లేదు. కూర్చోబెట్టి ఆయన మందుల డబ్బా తెప్పిస్తే అందులో మెటోప్రొలాల్ ఉంది. ఆ సాయంత్రమే కొడుకు ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు, ఇకపై నాడి చూసుకుని తొక్కవద్దని డాక్టరు చెప్పారు. ఈ మాత్రలు వాడేవారికి 220 సూత్రం పనికిరాదు, అలాగని మాత్రను సొంతంగా మానకూడదు. వారికి మాటే కొలత: తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం మాత్రం ఉండాలి. స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 వరకు ఉండే శ్రమ కొలమానంలో అది 12, 13 దగ్గర ఉంటుంది. ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆపాలి.

రికవరీ బటన్ గురించి అడిగారు. వ్యాయామం ముగియగానే దాన్ని నొక్కి, రెండు చేతులతో పలకలు పట్టుకుంటే 60 సెకన్లు వెనక్కి లెక్కపెడుతుంది, ఆ నిమిషంలో నాడి ఎంత దిగిందో చూసి ఎఫ్1 నుంచి ఎఫ్6 వరకు ఒక మార్కు ఇస్తుంది. ఎఫ్1 మంచిది, ఎఫ్6 అధమం. నాడి త్వరగా దిగడం మంచి లక్షణమనేది నిజమే. కానీ మీ కన్సోల్ మొదట్లో 152 అని తప్పు చదివిందో, చివర్లో 76 అని తప్పు చదివిందో తెలియనప్పుడు ఆ మార్కుకు విలువ లేదు. ఎఫ్4 చూసి భయపడకండి. నాడి సరిగ్గా చదవడం కుదిరాక, రెండు వారాలకోసారి, ఒకే నాబ్, ఒకే సమయం తర్వాత చూసి పోల్చుకోండి. ఒక జాగ్రత్త: గట్టిగా తొక్కి చటుక్కున ఆగి నిలబడితే రక్తం కాళ్లలోనే నిలిచి తల తిరగవచ్చు. మీ భర్తగారు ఆ బటన్ వాడకపోవడమే మంచిది. ఆయన చివరి అయిదు నిమిషాలు నాబ్‌ను 1కి తగ్గించి నెమ్మదిగా తొక్కి దిగాలి. మీరు వాడిన రోజున కూడా నిమిషం పూర్తికాగానే మళ్లీ అలా నెమ్మదిగా తొక్కండి.

కన్సోల్ సంరక్షణ గురించి కొన్ని మాటలు. అంకెలు వెలిసిపోయినట్టు కనిపిస్తే సెల్లు అయిపోవస్తున్నాయి. రెండింటినీ ఒకేసారి మార్చండి. ఊరికి వెళ్లేటప్పుడు సెల్లు తీసి పెట్టండి. గోపాల్‌పూర్ సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంట్లో వానాకాలమంతా మూసి ఉంచిన కన్సోల్ మూత తీస్తే, స్ప్రింగుల చుట్టూ తెల్లని పొడి ఉప్పులా పేరుకుని, సెల్లు గూటికి అతుక్కుపోయి ఉన్నాయి. అవి ఆల్కలైన్ సెల్లు కాబట్టి చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లను వెనిగర్‌లో తడిపి తుడిస్తే బుసబుసమని పొడి కరిగింది. ఆరబెట్టి కొత్త సెల్లు వేస్తే తెర వెలిగింది. కొన్ని కన్సోళ్లలో సెల్లు తీస్తే ఓడో కూడా సున్నా అవుతుంది, మొత్తం దూరం కావాలనుకుంటే ముందే రాసుకోండి. చెమటను పొడి గుడ్డతో తుడవాలి, తెర మీద ఏ ద్రవాన్నీ చల్లకూడదు.

తొక్కుతున్నా స్పీడ్ సున్నా దగ్గరే ఉంటే కన్సోల్ పాడైందని తేల్చేయకండి. సెల్లు మార్చి చూసిన తర్వాత, కన్సోల్‌ను నిలువు రాడ్డుకు పట్టి ఉంచే స్క్రూలు విప్పి నెమ్మదిగా పైకి ఎత్తితే కింద రెండు తీగల జాయింటు కనిపిస్తుంది. నేను చూసిన ఇటువంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ జాయింటు వదులై గానీ, బిగించేటప్పుడు తీగ రాడ్డు అంచుకూ బోల్టుకూ మధ్య నలిగి గానీ వచ్చినవే. జాయింటు ఊడి ఉంటే గట్టిగా నొక్కి కలపండి. తీగ తోలు చితికి లోపలి రాగి కనిపిస్తుంటే అది మీ చేతి పని కాదు, మెకానిక్‌ను పిలవండి.